నాకు తెలిసేసరికే

నెల తప్పిందన్న సంగతి నాకు చాలా రోజులు తట్టనే లేదు. నాకు 28 రోజులకు వస్తే వింత, 40 రోజులకు వస్తే మామూలు. ఎప్పట్లాగే ఈసారీ ఆలస్యమవుతోంది అనుకున్నాను. ఒక రోజు పొద్దున్నే పళ్ళు తోముకుంటుంటే పేస్టు వాసనకు కడుపులో తిప్పేసింది. వాష్‌బేసిన్ పట్టుకుని నిలబడిపోయి, అప్పుడు వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాను. టెస్ట్ కిట్‌లో గీత కోసం ఎదురుచూడాల్సిన పని కూడా లేకపోయింది. ఠక్కున, పక్కదాని కన్నా ముదురుగా పడింది. మా ఆయన దాన్ని ట్యూబ్‌లైట్ కింద పెట్టి చూసి, "ఇది మరీ ఇంత గట్టిగా చెబుతుందా?" అన్నారు.

ఆ కిట్ పట్టుకునేది హెచ్‌సీజీ అనే హార్మోన్‌ని. పిండం గర్భసంచి గోడకు అతుక్కున్నాక అది మొదలవుతుంది, తొలి వారాల్లో రెండు మూడు రోజులకోసారి రెట్టింపవుతూ పోతుంది. గీత అంత ముదురుగా పడిందంటే కబురు అప్పటికే పాతబడిందని అర్థం. నాకు మొదటి నుంచీ చివరిదాకా జరిగింది ఇదే. లోపల అయిపోయాక బయట నాకు తెలిసేది.

మొదటిసారి వెళ్ళినప్పుడు సిస్టర్ చివరి నెలసరి తేదీ అడిగి, చేతిలోని గుండ్రటి అట్ట తిప్పి, "8 వారాల 2 రోజులు" అని రాసింది. గర్భం లెక్క చివరి నెలసరి మొదటి రోజు నుంచే మొదలుపెడతారు. అంటే అండమే విడుదల కాని మొదటి రెండు వారాలు కూడా గర్భం కిందే జమ. 280 రోజుల లెక్కంతా ఆ పద్ధతిదే. నెలసరి సరిగ్గా వచ్చేవాళ్ళకు అది బాగానే కుదురుతుంది, నాలాంటివాళ్ళ దగ్గరే తేడా కొడుతుంది. స్కాన్‌లో డాక్టరు ఈ చివర నుంచి ఆ చివరకు గీత గీసి కొలిస్తే 8 మిల్లీమీటర్లు వచ్చింది. నా చిటికెనవేలి గోరు వెడల్పంత. "6 వారాల 5 రోజులే అమ్మా, మీకు అండం ఆలస్యంగా విడుదలైంది" అని డ్యూ డేట్‌ను 11 రోజులు ఆలస్యంగా మార్చారు. ఆ బూడిదరంగు గింజ మధ్యలో ఏదో మిణుకు మిణుకుమంటోంది. స్క్రీన్ పాడైందేమో అనుకున్నాను. "అది గుండె" అన్నారు.

ఫలదీకరణ జరిగిన దాదాపు 22వ రోజుకు గుండె కొట్టుకోవడం మొదలవుతుందట. స్కాన్ లెక్కన నాకది 33వ రోజు. ఇంటికొచ్చి క్యాలెండర్ తీసి 11 రోజులు వెనక్కి వెళ్ళి చూశాను. ఆ రోజు ఆఫీసులో ఆడిట్ ఉంది. ఒక ఫైలు దొరకలేదని ఒకరితో గొడవ పెట్టుకున్నాను కూడా. లోపల ఒక గుండె మొదటిసారి కొట్టుకుంటున్నప్పుడు నేను చేస్తున్న ఘనకార్యం అదీ.

అదే రోజు డాక్టరు "ఫోలిక్ యాసిడ్ వేసుకుంటున్నారా?" అని అడిగారు. లేదన్నాను. చీటీ మీద రాసిచ్చారు. ఆవిడ ఏమీ అనలేదు కానీ, నేను ఊరుకోలేక దాని గురించి చదివాను. బిడ్డకు మెదడు, వెన్నుపాము తయారయ్యేది ఒక చదును పొర రెండు అంచులూ పైకి లేచి, దగ్గరికొచ్చి, గొట్టంలా మూసుకోవడం వల్ల. అది పూర్తయ్యేది 28వ రోజుకల్లా. సరిగ్గా మూసుకోకపోతే వెన్ను లోపం మిగిలిపోతుంది. ఫోలిక్ యాసిడ్ ఆ ప్రమాదాన్ని బాగా తగ్గిస్తుంది, కాకపోతే అది ముందే ఒంట్లో ఉండాలి. రోజుకు 400 మైక్రోగ్రాములు, గర్భం రాకముందు కనీసం ఒక నెల నుంచి. నేను 33వ రోజున మొదలుపెడుతున్నాను. 5 రోజుల ఆలస్యం. ఈ తీసివేత నన్నెవరూ చేయమనలేదు, నేనే చేసుకుని 14 వారాలు దాన్ని మోశాను. పిల్లల కోసం అనుకుంటున్నవాళ్ళు ఎవరైనా నన్ను సలహా అడిగితే మొదట చెప్పేది ఆ మాత్ర గురించే. పెద్ద ఖరీదు కాదు, పెద్ద కష్టమూ కాదు. ముందే తెలియాలి, అంతే.

వేవిళ్ళ గురించి ఎక్కువ చెప్పను, పడ్డవాళ్ళకు తెలుసు. లిఫ్టులో ఎవరో పూసుకున్న సెంటు వాసనకు మూడు అంతస్తులు మెట్లెక్కాను. "హార్మోన్లండీ" అని అందరూ అనేవాళ్ళు కానీ ఏ హార్మోనో ఎవరూ చెప్పలేదు. జీడీఎఫ్15 అనే దానికి ఇందులో పెద్ద పాత్ర ఉందని 2023లో పరిశోధకులు చూపించారు. అది ఎక్కువగా వచ్చేది లోపలున్న బిడ్డ వైపు నుంచే. గర్భం రాకముందు ఒంట్లో అది తక్కువగా ఉన్నవాళ్ళకు ఆ దెబ్బ గట్టిగా తగులుతుందట. ఇది తెలిసినంత మాత్రాన వాంతులు ఆగవు. అయినా "అంతా నీ మనసులోనే ఉంది" అన్న ఒక బంధువుకు జవాబు దొరికింది.

12వ వారం స్కాన్‌లో 6 సెంటీమీటర్లు. చేతులు, కాళ్ళు, ముక్కు గీత అన్నీ ఉన్నాయి. తెర మీద ఒక్కసారి ఎగిరి, నెమ్మదిగా కిందికి దిగి, మళ్ళీ ఎగిరింది. నేను కడుపు మీద చెయ్యి వేసుకున్నాను. ఏమీ లేదు. "అంత గెంతుతుంటే నాకెందుకు తెలియడం లేదు?" అంటే డాక్టరు నవ్వి, కదలికలు 8వ వారం నుంచే ఉంటాయని, చుట్టూ ఉమ్మనీరు ఉంది కాబట్టి అది గోడకు గట్టిగా తగిలేంత పెద్దదయ్యేదాకా తల్లికి తెలియదని చెప్పారు.

20వ వారంలో టిఫా స్కాన్, బిడ్డ అవయవాల్లో లోపాలున్నాయేమో చూసేది. నేను ఎదురుచూసిందంతా దాని కోసమే. స్కాన్ చేసే డాక్టరు మాట్లాడే మనిషి కాదు. చల్లటి జెల్ రాసి, ప్రోబ్‌తో నొక్కుతూ, ఒక్కో చోట ఆపి, కొలిచి, టక్‌మని బటన్ నొక్కి ముందుకు వెళ్తున్నారు. గుండెలో నాలుగు గదులు. రెండు కిడ్నీలు. పై పెదవి. తర్వాత చాలాసేపు ఒకే చోట ఆగారు. నా అరచేతులు చెమటలు పట్టాయి. తెర మీద రైలు పట్టాల్లా రెండు తెల్లటి వరుసలు, మెడ దగ్గర విచ్చుకుని, కింద సన్నబడి, చివర కలిసిపోతున్నాయి. ఒక్కో ఎముకా దాటుతూ కిందిదాకా వెళ్ళి, మళ్ళీ పైకి వచ్చి, అడ్డంగా కూడా చూశారు. "వెన్ను బాగుంది." అంతే, ఆ రెండు మాటలే. బయటికొచ్చి మా ఆయనకు చెబుదామంటే గొంతు రాలేదు. పాపం, ఆయన వేరే ఏదో అనుకుని కంగారుపడ్డారు. ఎందుకు ఏడుస్తున్నానో చెప్పడానికి ఆ 5 రోజుల లెక్క మొదటి నుంచీ చెప్పాల్సి వచ్చింది. ఆయనకు నేనెప్పుడూ చెప్పలేదు మరి.

కదలికలు తెలియడానికి ఇంకో వారం పట్టింది. మాయ నాకు ముందు గోడకు అతుక్కుని ఉందట, మధ్యలో దిండు పెట్టినట్టు. మొదట్లో గ్యాస్ అనుకున్నాను. ఒక రాత్రి వెల్లకిలా పడుకుని ఫోను పొట్ట మీద పెట్టుకుంటే, అది దానంతటదే పక్కకు జరిగింది. లేచి లైటు వేసి మళ్ళీ పెట్టాను. మళ్ళీ జరిగింది. రెండు వారాలుగా నేను గ్యాస్ అనుకుంటూ వచ్చింది ఇదే!

ఆరో నెల దాటాక మిక్సీ వేస్తే ఉలిక్కిపడటం మొదలైంది. 25 వారాల ప్రాంతంలో బయటి శబ్దాలకు స్పందిస్తారు, తల్లి గొంతు అయితే బయటి నుంచే కాదు, ఎముకల గుండా కూడా చేరుతుంది. పుట్టి మూడు రోజులైనా కాని పిల్లలు పరాయి ఆడవాళ్ళ గొంతు కన్నా తల్లి గొంతు వినడానికే ఇష్టపడతారని 1980లో డికాస్పర్, ఫైఫర్ అనే ఇద్దరు ఒక ప్రయోగంలో చూపించారు. చప్పరించే తీరు మార్చుకుంటే అమ్మ గొంతు వినిపించేలా ఒక పీకను ఏర్పాటు చేశారట. ఇది చదివాక నాకు కాస్త సిగ్గేసింది. ఆ నెలల్లో నా గొంతు ఎక్కువగా వినిపించింది ఆఫీసు ఫోన్లలోనే.

షుగర్ పరీక్ష, రక్తం తక్కువ, ఐరన్ మాత్రలు, కాళ్ళ వాపులు అన్నీ అందరికీ ఉన్నట్టే నాకూ ఉన్నాయి. 34వ వారంలో మాత్రం ఒక రాత్రి రెండు గంటలు కదలిక లేదు. ఎడమవైపు తిరిగి పడుకున్నాను, చల్లటి నీళ్ళు తాగాను. లేదు. కడుపులో పిల్లలు ఒక్కో విడతకు 20 నుంచి 40 నిమిషాలు నిద్రపోతారు, 90 నిమిషాలు దాటడం అరుదు. అది తెలిశాక పొద్దున దాకా ఎవరు ఆగుతారు? అప్పటికప్పుడు వెళ్ళాం. పొట్టకు బెల్టులు కట్టి మెషీన్ ఆన్ చేయగానే టకటకమని గుండె శబ్దం గదంతా నిండింది. రెండో నిమిషంలో బెల్టు మీదే ఒక్క తన్ను తన్నింది. "ఊరికే వచ్చామా?" అని నేను నొచ్చుకుంటే డ్యూటీ డాక్టరు, "ఇలా ఊరికే రావడమే మాకు కావాలి. కదలిక తగ్గితే పొద్దున చూద్దాం అనుకోకండి" అన్నారు.

నొప్పులు మొదలైన సంగతి కూడా నాకన్నా ముందు మా అమ్మకే తెలిసింది. 39 వారాల 2 రోజులు. మధ్యాహ్నం నుంచి నడుము లాగుతుంటే కుర్చీ బాగోలేదనుకున్నాను. అమ్మ నన్ను చూస్తూ కూర్చుని, "ఏమే, అరగంటలో మూడుసార్లు మాట మధ్యలో ఆపి టేబుల్ పట్టుకున్నావు. బ్యాగు తియ్యి" అంది. నేను నవ్వాను. రాత్రి ఎనిమిదింటికి వెళ్ళేసరికి గర్భసంచి ముఖద్వారం 4 సెంటీమీటర్లు తెరుచుకుంది.

నొప్పి గురించి నేను ఊహించుకున్నదంతా తప్పు. ఎడతెగకుండా ఉంటుందనుకున్నాను. అలా కాదు, అలలా వచ్చి పోతుంది, పోయినప్పుడు మామూలుగా మాట్లాడొచ్చు. ఒక అలకూ ఇంకో అలకూ మధ్య నేను మా ఆయనకు కరెంటు బిల్లు గురించి కూడా గుర్తుచేశాను. ఆ గ్యాప్ తగ్గుతూ తగ్గుతూ చివరకు బిల్లు గుర్తురానంత అయిపోయింది. ఒక సిస్టర్ "అందరూ కనడం లేదా, మీకొక్కరికేనా నొప్పులు?" అని కసిరింది. ఆ మాట నాకిప్పటికీ గుర్తుంది. ఇంకో పెద్దావిడ ఏమీ మాట్లాడకుండా అరచేతి మడమతో నా నడుము కింద గట్టిగా నొక్కి పట్టుకునేది. అలా నొక్కినప్పుడల్లా సగం నొప్పి ఆ చేతిలోకి పోయేది. అదీ గుర్తుంది.

తెల్లవారుజామున ఐదుంపావుకు పాప పుట్టింది. పుర్రె ఎముకలు ఒకదాని మీదికి ఒకటి ఎక్కి దారికి సరిపడేలా సర్దుకుంటాయట, అందుకే తల కోసుగా ఉంది. ఒంటి మీద తెల్లటి మైనం లాంటి పూత. ఏడవలేదు. సిస్టర్ తువ్వాలుతో వీపు రుద్దుతోంది. నేను "ఏమైంది, ఏమైంది" అంటున్నాను. ఇరవై సెకన్లు ఉంటుందేమో. ఆ సెకన్లలో లోపల ఎంత పని నడుస్తోందో నాకు తర్వాత తెలిసింది. అప్పటిదాకా ఊపిరితిత్తుల నిండా ద్రవమే. మొదటి శ్వాసకు గాలి చొరబడుతుంది, ద్రవం కణజాలంలోకి ఇంకిపోతుంది, ముడుచుకున్న రక్తనాళాలు తెరుచుకుని రక్తం ఊపిరితిత్తులకు పరుగెడుతుంది. అది తిరిగి గుండె ఎడమవైపుకు చేరి ఒత్తిడి పెరగగానే, కడుపులో ఉన్నన్నాళ్ళూ రెండు పై గదుల మధ్య తెరిచి ఉన్న కిటికీ రెక్క మూతపడుతుంది. తొమ్మిది నెలలు ఒక దారిన తిరిగిన రక్తం దారి మార్చుకుంటుంది. అప్పుడు కేర్‌మంది.

బొడ్డుతాడు వెంటనే కొయ్యలేదు. కనీసం ఒక నిమిషం ఆగితే మాయలోని రక్తం కొంత బిడ్డకు చేరుతుంది, తర్వాతి నెలల్లో ఐరన్‌కు ఆసరా అవుతుంది. డాక్టరు నా చెయ్యి పట్టుకుని దాని మీద పెట్టారు. నీలంగా, మెలితిరిగి, నా బొటనవేలంత లావు. టపటపమని కొట్టుకుంటోంది. అది నా నాడి కాదు, పాపది. నెమ్మదించి ఆగాక కోశారు.

మొదటి నిమిషం అప్‌గార్ 7, ఐదో నిమిషం 9. పుట్టగానే మార్కులేమిటి అనిపించింది కానీ, దాని వెనక కథ నాకు నచ్చింది. వర్జీనియా అప్‌గార్ అనే మత్తు డాక్టరు 1952లో ఈ పద్ధతి పెట్టారు. గుండె వేగం, శ్వాస, కండరాల బిగువు, స్పందన, రంగు, ఒక్కోదానికి రెండేసి మార్కులు. దీంతో పుట్టిన బిడ్డను ఆ నిమిషంలో ఎవరో ఒకరు తప్పనిసరిగా పరీక్షగా చూడాల్సి వచ్చింది. మా పాపకు ఐదో నిమిషంలో పోయిన ఆ ఒక్క మార్కూ రంగు దగ్గర. చేతులూ పాదాలూ ఇంకా నీలంగా ఉన్నాయి.

ఆడపిల్ల అని తెలిశాక నాకో సంగతి గుర్తొచ్చింది. ఆడపిల్లకు అండాలన్నీ తల్లి కడుపులో ఉండగానే తయారైపోతాయి. అంటే పాపగా మారిన ఆ అండం నేను మా అమ్మ కడుపులో ఉన్నప్పటిది. ఇది చెబితే అమ్మ కాసేపు ఆలోచించి, "అయితే దీన్ని కూడా సగం నేనే మోశానన్నమాట. నాకూ రెస్టు ఇవ్వండర్రా" అంది.

2.9 కిలోలతో పుట్టింది, మూడో రోజుకు 2.7. నాకు పాలు సరిపోవడం లేదని గోల చేశాను. తొలి రోజుల్లో ఆ మాత్రం తగ్గడం మామూలేనని, రెండు వారాలకు తిరిగి వస్తుందని చెప్పారు. ముర్రుపాలు చుక్కలు చుక్కలుగానే వస్తాయి, వాళ్ళ పొట్ట కూడా అప్పుడు అంతే. మూడో రోజు రాత్రి పాలు పడి రొమ్ములు రాళ్ళయ్యాయి. ఆ రాత్రే కారణం లేకుండా ఏడుపు కూడా వచ్చింది. పది రోజుల్లో తగ్గిపోయింది. రెండు వారాలు దాటినా తగ్గకపోతే మాత్రం దాచుకోకుండా డాక్టరుకు చెప్పాలి.

అమ్మే చూసింది కామెర్లు కూడా. పాప ముక్కు కొన మీద వేలితో నొక్కి తీసి, "ఇటు రా, చూడు" అంది. నొక్కిన చోట పసుపురంగు. పుట్టాక పాత ఎర్రకణాలు ఎక్కువగా విరిగిపోతాయి, వచ్చిన బిలిరుబిన్‌ను వదిలించుకునేంత బలం కాలేయానికి ఇంకా ఉండదు. రెండు రోజులు నీలం లైట్ల కింద పెట్టారు, కళ్ళకు చిన్న గంతలు కట్టి. ఈ వైద్యం పుట్టింది ఒక నర్సు గమనింపు వల్ల. 1950ల్లో ఇంగ్లండ్‌లోని రాచ్‌ఫోర్డ్ ఆసుపత్రిలో సిస్టర్ వార్డ్ నెలలు నిండని పిల్లలను ఎండలోకి తీసుకెళ్ళేవారు. ఎండ తగిలిన చోట పసుపు తగ్గి, గుడ్డ కప్పి ఉన్న చోట అలాగే ఉండటం ఆవిడ కంటపడింది. అలాగని ఇంట్లో కిటికీ పక్కన పెట్టి సరిపెట్టుకోవద్దని మా పిల్లల డాక్టరు గట్టిగా చెప్పారు. ఎంత ఉందో రక్తపరీక్షే చెప్పాలి.

ఆరో వారం దాకా ఏడుపు పెరుగుతూనే పోయింది. తలుపు చప్పుడైతే రెండు చేతులూ చాచి, గాల్లో ఏదో పట్టుకోబోయినట్టు అని, మళ్ళీ దగ్గరికి తీసుకునేది. ఎర్న్‌స్ట్ మోరో అనే వైద్యుడు వివరించాడు కాబట్టి దానికి ఆయన పేరే పెట్టారు. ఐదో నెలకు మాయమైంది, ఎప్పుడు మాయమైందో ఎవరూ గమనించలేదు. నవ్వు మాత్రం నాదే. 44వ రోజు, రాత్రి మూడింటికి, గుడ్డలు మారుస్తున్నాను. వాళ్ళకప్పుడు స్పష్టంగా కనిపించేది జానెడు దూరమే. నేను సరిగ్గా ఆ దూరంలో వంగి ఉన్నాను. నా కనుబొమ్మల దగ్గర్నుంచి నోటిదాకా తీరిగ్గా చూసి, నోరంతా తెరిచి నవ్వింది. నిద్రలో వచ్చే నవ్వు కాదు. మా ఆయన్ను లేపాను. ఆయన వచ్చేసరికి ఏడుస్తోంది.

తర్వాతి నెలలు పరుగే. ఎనిమిదో నెలలో బొమ్మ మీద గుడ్డ కప్పితే గుడ్డ లాగి చూసింది. అంతకు ముందు కప్పేస్తే లేనట్టే. కనబడనిది కూడా ఎక్కడో ఉంటుందని తెలిసినప్పటి నుంచి నేను బాత్రూమ్‌కు వెళ్తే తలుపు దగ్గర గుక్కపట్టి ఏడుపు. పాకడం మాత్రం పాకనే లేదు. కూర్చుని ముందుకు జరిగేది. నేను కంగారుపడితే డాక్టరు, డబ్ల్యూహెచ్‌ఓ 5 దేశాల పిల్లలను గమనిస్తే నూటికి నలుగురు చేతులూ మోకాళ్ళ మీద పాకకుండానే నడకకు వెళ్ళిపోయారని, నడకకైతే 8 నెలల నుంచి 17 నెలలు దాటేదాకా మామూలేనని చెప్పారు.

13 నెలలు నిండిన వారం. ఆఫీసు నుంచి వచ్చి చెప్పులు విప్పుతున్నాను. పాప సోఫా అంచు పట్టుకుని నిలబడి ఉంది. నన్ను చూసి చెయ్యి వదిలేసింది. ఒక అడుగు. ఆగి, ఊగి, రెండోది. చేతులు రెక్కల్లా పెట్టుకుని మూడోది, నాలుగోది, ఇక నా మోకాళ్ళ మీద పడింది. నేను ఒక చెప్పుతోనే కూలబడి, "అమ్మా! నడిచింది! మొదటి అడుగులు నా కళ్ళ ముందే వేసింది!" అని అరిచాను.

అమ్మ లోపలి గదిలోంచి చేతులు తుడుచుకుంటూ పరుగున వచ్చింది.

"ఏదీ, మళ్ళీ నడిచిందా?" అంది. అని, టక్కున నోటి మీద చెయ్యి పెట్టుకుంది.